సుగ్గి అనే మాటకు రెండు అర్థాలు

మన కావ్యాల్లో వసంతం చాలావరకు ఒకే దారిన వస్తుంది. మామిడి చిగురు, కోయిల, మలయమారుతం, మన్మథుడి పూలబాణాలు, వాటి వెనకే విరహంతో వేగిపోయే నాయిక. ఈ వరసకు ముందున్న కాలం, అంటే మాఘ ఫాల్గుణాల శిశిరం, కవులకు పెద్దగా పట్టలేదు. ఆకు రాలిందనీ చలి తగ్గిందనీ చెప్పి తొందరగా దాటేస్తారు. పల్లెలో మాత్రం ఆడవాళ్ళ చేతికి క్షణం తీరిక దొరకని నెలలు ఇవి. కంది కొయ్యాలి, శనగ పీకాలి, పత్తి ఆఖరి తీత తియ్యాలి, యాసంగి జొన్న కొయ్యాలి, మిరప కొయ్యాలి, చింతపండు కొట్టి గింజ తియ్యాలి. కోసింది ఎండబెట్టాలి, చెరగాలి, విత్తనానికి వేరు చెయ్యాలి. చలి పోతోందని మొదట తెలిసేది ఈ పనుల్లో ఉన్నవాళ్ళకే. అయినా రుతువుల గురించి మన సాహిత్యం, పంచాంగం, సామెత చెప్పిన దాంట్లో వాళ్ళ గుర్తులు ఎంతవరకు చేరాయి? చేరకపోతే ఎందుకు చేరలేదు? ఈ ప్రశ్నలతో కొన్ని పాఠ్యాలనూ కొన్ని ఆచారాలనూ ఒక మాటనూ దగ్గర పెట్టి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ మాట ‘సుగ్గి’. కర్నూలు పడమటి మండలాల్లో పుట్టినవాళ్ళకు దాన్ని వివరించనక్కర్లేదు. మిగతావారి కోసం చివర్లో వివరిస్తాను.

ముందు కావ్యాల సంగతి. ప్రబంధానికి అష్టాదశ వర్ణనలు ఉండాలని లాక్షణికులు చెప్పారు. నగరం, సముద్రం, పర్వతం, రుతువులు, చంద్రోదయం, సూర్యోదయం, ఉద్యానం, జలక్రీడ, మధుపానం, వివాహం, ద్యూతం, యుద్ధం వంటివన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. పొలం లేదు. ఉద్యానవనం ఉంది కాబట్టి చెట్టుకు పూత వస్తుంది, కానీ ఆ పూత కాయై, ఆ కాయను ఎవరో కోసి బుట్టలో వేసే దశ దాకా వర్ణన వెళ్ళదు. వసంతం నాయికా నాయకుల శరీరాల్లో ఏం చేస్తుందన్నది కవికి ముఖ్యం. చేలో పనిచేసే శరీరాన్ని ఏం చేస్తుందన్నది లక్షణ గ్రంథం పరిధిలో లేని ప్రశ్న.

ఈ కట్టుబాటును సడలించిన వాళ్ళు లేకపోలేదు. ఆముక్తమాల్యదలో కృష్ణదేవరాయలు వర్షాకాలాన్ని వర్ణించేటప్పుడు తడిసిన కట్టెలతో, పొగ నిండిన వంటింట్లో అవస్థపడే ఇల్లాలిని చూశాడు. ముసురు రోజుల్లో నిప్పు రాజెయ్యడం ఎంత కష్టమో ఒక చక్రవర్తి పద్యంలోకి ఎక్కించాడంటే ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. అదే కావ్యంలో వసంతం దగ్గరికి వచ్చేసరికి దృష్టి గోదాదేవి విరహం వైపు మళ్ళుతుంది. వంటింటి పొగను చూసిన కన్ను అక్కడ మళ్ళీ కావ్యమర్యాదలోకి వచ్చేస్తుంది.

ఆ గోదాదేవి తానే కవయిత్రి అన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. తెలుగువాళ్ళకు ఆండాళ్ అంటే ధనుర్మాసం, తిరుప్పావై. ఆమె రెండో రచన నాచ్చియార్ తిరుమొళి మన ఇళ్ళల్లో అంతగా వినపడదు. అందులో మొదటి దశకం సరిగ్గా మనం మాట్లాడుకుంటున్న కాలానిదే. తై నెల, మాశి నెల తొలి రోజులు, అంటే సంక్రాంతి తర్వాతి చలికాలపు చివరి వారాలు. ఆమె నేల శుభ్రం చేస్తుంది, సన్నని ఇసుకతో ముగ్గు వేస్తుంది, కాముణ్ణి కొలుస్తుంది, తనను విష్ణువుతో చేర్చమని అడుగుతుంది. ఇక్కడ వసంతం తనంతట తాను వచ్చి నాయికను ముంచెత్తదు. ఒక ఆడపిల్ల రోజూ చీకటితో లేచి నేల ఊడ్చి దాని రాకకు చోటు సిద్ధం చేస్తోంది. కోరిక ఆమెదే, దాని వెనక ఉన్న చేతి పనీ ఆమెదే. ఏడెనిమిది శతాబ్దాల తర్వాత ఒక రాజు ఆమెను కావ్యనాయికగా చేసినప్పుడు కోరిక మిగిలింది, విరహంగా మారి. ఊడ్చిన చెయ్యి వర్ణనలో వెనక్కి వెళ్ళింది. స్త్రీ రాసిన రుతువుకూ స్త్రీ గురించి రాసిన రుతువుకూ ఉన్న తేడాను నేను విద్యార్థులకు చెప్పాల్సివస్తే ఈ రెండు పాఠ్యాలనే పక్కపక్కన పెడతాను.

మరింత వెనక్కి వెళితే గాథాసప్తశతి ఉంది. శాతవాహన రాజు హాలుడి పేరుతో ప్రసిద్ధమైన ఈ మహారాష్ట్రీ ప్రాకృత సంకలనం మనకు పరాయిది కాదు. అత్త, పొట్ట వంటి మాటలు అందులో కనిపిస్తాయని మన భాషా చరిత్రకారులు ఎప్పటినుంచో చెబుతున్నారు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు ఎంచి తెనిగించిన గాథలు చదువుకున్న తరాలున్నాయి. రేవ, మాధవి, అనులక్ష్మి వంటి స్త్రీల పేర్లు కూడా గాథాకర్తలుగా సంప్రదాయంలో నిలిచాయి. నగరం కన్నా పల్లెను, రాజు కన్నా రైతును ఎక్కువగా చూసిన పుస్తకం ఇది. ఇందులో చేలు ఉన్నాయి. వరి పండి తెల్లబడుతుంటే, కోతలైపోతే ప్రియుణ్ణి కలిసే చాటు పోతుందని దిగులుపడే స్త్రీ ఉంది. పత్తి చేను తొలిదుక్కి నాడు నాగలికి మంగళచిహ్నాలు దిద్దుతూ, రాబోయే రోజుల్లో ఆ చేను ఇవ్వబోయే చాటును తలుచుకుని చేతులు వణికే స్త్రీ ఉంది. పంట ఎదుగుదల, కోత, ఆమె స్వేచ్ఛ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. పండితులు వీటిని శృంగార గాథలుగా మాత్రమే వ్యాఖ్యానించారు. నాకు ఇవి పంట క్యాలెండర్లుగా కూడా కనిపిస్తాయి. ఏ నెలలో చేను ఎంత ఎత్తు ఉంటుందో, ఎప్పుడు ఖాళీ అవుతుందో ఆ స్త్రీలకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

ఆ సంకలనంలోనే మాఘమాసపు గాథ ఒకటి ఉంది. ఒక పల్లెటూరి రైతు తన పైదుప్పటి అమ్మి ఎద్దును తెచ్చుకుంటాడు. చలి ఇంకా పోలేదు. అయినా అతనికి ధీమా ఉంది, ఇంట్లో నల్లని భార్య రొమ్ముల వెచ్చదనం పొగలేని ఊకనిప్పులా ఉంది కదా అని. రసజ్ఞులు మెచ్చుకున్న గాథ ఇది. మెచ్చుకోదగ్గ సూక్ష్మత అందులో నిజంగానే ఉంది. చలి చివరికొచ్చింది, దుప్పటి అవసరం తీరబోతోంది, దుక్కి అవసరం ముందుకొస్తోంది. ఒక పేద సంసారపు ఆర్థిక నిర్ణయం మొత్తం ఆ అమ్మకంలో ఉంది. శీతాకాలం ముగుస్తున్న గుర్తును ఇంత నిఖార్సుగా పట్టుకున్న పద్యం కావ్యాల్లో దొరకడం కష్టం. అయితే ఆ లెక్కలో భార్య ఏమైంది? దుప్పటికి బదులైన వస్తువైంది. అతను ఆమెను కప్పుకుంటాడు సరే, మిగిలిన మాఘమంతా ఆమె ఏం కప్పుకుంటుంది? ఇంట్లో రెండో దుప్పటి ఉందని గాథ చెప్పలేదు. తెల్లవారుజామున లేచి పేడకళ్ళు ఎత్తేది, మంచు దిగిన చేలోకి వెళ్ళేది ఆమే అయి ఉండాలి. దాదాపు రెండు వేల ఏళ్ళ నాడు మన నేల మీది ఒక కవి పేదరికాన్ని చూడగలిగాడు, దానిలో సగాన్ని చూడలేకపోయాడు.

కావ్యాలను పక్కన పెట్టి రైతు పంచాంగానికి వద్దాం. తెలుగు రైతు కాలాన్ని కార్తెలతో కొలుస్తాడు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు ఒక కార్తె. ఏడాదికి 27. జనవరి చివరి వారంలో శ్రవణ కార్తె మొదలవుతుంది. ఆ తర్వాత ధనిష్ఠ, శతభిషం, మార్చి మొదట్లో పూర్వాభాద్ర. ఉగాది దగ్గరపడేసరికి ఉత్తరాభాద్ర, రేవతి నడుస్తుంటాయి. ఇప్పుడు కార్తెల మీద మనకున్న సామెతలు గుర్తు చేసుకోండి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుంది. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు. వానాకాలపు కార్తెలకు ఇలా ఒకటి కాకపోతే ఒకటి నోటికొస్తుంది. ధనిష్ఠ మీద, శతభిషం మీద ఎన్ని చెప్పగలం? చలికాలం చివర గురించి అందరికీ తెలిసిన మాట శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందన్నది. అది వాతావరణాన్ని చెబుతుంది, పని గురించి ఏమీ చెప్పదు. 1868లో కెప్టెన్ కార్ మద్రాసులో అచ్చువేయించిన ఆంధ్రలోకోక్తిచంద్రిక నుంచి మన సామెతల సంకలనాలు ఎన్నో వచ్చాయి. నేను చదివినంతలో ఈ అసమానత అన్నిటిలోనూ కనిపిస్తుంది.

దీనికి ఒక సమాధానం సులభంగానే చెప్పొచ్చు. వాన మీద ఆధారపడే సేద్యంలో అనిశ్చితి అంతా విత్తే కాలంలోనే ఉంది, అందుకే ఆ కార్తెల చుట్టూ సామెతలు పేరుకున్నాయి. నిజమే. కానీ విత్తే నిర్ణయం ఎవరిదన్నది కూడా అడగాలి. నాగలి పట్టేది మగవాడు. ఆడది నాగలి పడితే అరిష్టమనే నమ్మకం మన ప్రాంతంలో బలంగా ఉండేది. ఎప్పుడు దున్నాలి, ఏం వెయ్యాలి, అప్పు ఎక్కడ తేవాలి అన్న చర్చ అరుగు మీద, రచ్చబండ దగ్గర జరిగింది. అక్కడి మాట సామెతైంది. కలుపు, కోత, ఏరడం, చెరగడం, దాచడం గురించిన మాట చేను గట్టు మీద, కళ్ళంలో ఆడవాళ్ళ మధ్య జరిగింది. అది సామెత కన్నా పాటలోకి, చేతి అలవాటులోకి ఎక్కువగా వెళ్ళింది. ఆ పాటల్ని సేకరించినప్పుడు కూడా ఒక చిక్కు వచ్చింది. మన జానపద గేయాల వర్గీకరణల్లో ‘స్త్రీల పాటలు’ ఒక చోట ఉంటాయి, ‘శ్రామిక గేయాలు’ మరో చోట ఉంటాయి. మొదటి దాంట్లో పెళ్ళి, సీమంతం, అప్పగింత, సీత కష్టాలు. రెండో దాంట్లో కోత, ఏతం, బండి. కోత కోస్తూ సీత కష్టాలు పాడిన స్త్రీ ఏ అధ్యాయంలోకి వస్తుంది?

మా అవ్వకు చదువు రాదు, పంచాంగం చూసేది కాదు. మాఘం దాటిపోతోందనడానికి ఆమె గుర్తు ఒకటే. తెల్లారి శనగ చేలోకి పోతే చీర కుచ్చెళ్ళు తడవకపోవడం. “మంచు పాయెనే, ఇంక కాయ నిలవదు” అనేది. చిన్నప్పుడు ఆ మాటలో నాకు విశేషం కనిపించలేదు. శనగను తెల్లవారుజామున, ఆకు మీద తడి ఉండగానే పీకాలి. ఎండెక్కితే కాయ చిట్లి రాలిపోతుంది. ఆ తడి మామూలు తడి కూడా కాదు. శనగ ఆకు మీద ఊరే పులుపు మంచులో కరిగి చేతులకూ పిక్కలకూ అంటుకుని మండిస్తుంది. కొన్ని ఊళ్ళలో రాత్రిపూట చేను మీద పలచని గుడ్డ పరిచి పొద్దున్నే పిండి ఆ పులుసును మందుకు దాచుకునేవారు. అంటే మంచు ఆమెకు గడియారం. మంచు పడినన్ని రోజులు చేలో పని గంటలు కొంచెం సాగుతాయి. మంచు తగ్గితే ఇంకా ముందే లేవాలి, మొగుడూ పిల్లల సంగటి రాత్రే ఆలోచించి పెట్టుకోవాలి. చలికాలం పోతోందన్న గుర్తు ఆమె నిద్రలోంచి ఒక గంటను తీసేస్తుంది. ఏ రుతువర్ణనలోనూ నాకు దొరకని సమాచారం ఇది.

ఆడవాళ్ళ గుర్తులు నమోదైన చోటు మరొకటి ఉంది. అవి వ్రతాలు, నోములు. రథసప్తమినే తీసుకోండి. మాఘ శుద్ధ సప్తమి నాడు జిల్లేడాకులు, రేగుపళ్ళు నెత్తిన పెట్టుకుని స్నానం చేస్తాం. పిడకల నిప్పు మీద పాలు పొంగించి కొత్త బియ్యంతో పరమాన్నం వండి చిక్కుడాకుల్లో నైవేద్యం పెడతాం. చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి రథం చేస్తాం. పురోహితుడు దీనికి సూర్యారాధన అర్థం చెబుతాడు. వస్తువులను మాత్రమే చూస్తే ఇది మాఘమాసంలో పెరట్లో, పొలంలో ఏముందో చెప్పే పట్టిక. రేగు పండింది, చిక్కుడు పాదు నిండా కాసింది, వడ్లు ఇంటికొచ్చాయి, కిందటి నెలల్లో కొట్టిన పిడకలు ఎండాయి. రాయడం రాని స్త్రీలు ఏటేటా మళ్ళీ చేసి చూపించి కూతుళ్ళకు అప్పగించిన పట్టిక ఇది. దీన్ని పొగిడి ఊరుకోలేం. ఆ కొత్త బియ్యం దంచినవాళ్ళు, ఆ పేడ ఎత్తినవాళ్ళు చాలా ఇళ్ళల్లో ఆ నైవేద్యం గడప బయటే నిలబడ్డారు. వ్రతం దాచిన జ్ఞానం కులం గీసిన గీత లోపలే తిరిగింది. గీత అవతలి స్త్రీల జ్ఞానానికి అచ్చు పుస్తకమూ లేదు, వ్రతకథా లేదు.

అది బయటపడిన తీరు చూడాలంటే జహీరాబాదు వైపు వెళ్ళాలి. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1980లలో అక్కడి పల్లెల్లో పని మొదలుపెట్టాక ఏర్పడిన సంఘాల్లో ఎక్కువమంది పేద దళిత స్త్రీలు. వాళ్ళ భాషలో ‘సత్యం పంటలు’ అనే మాట ఉంది. యాసంగిలో వానా బోరు నీళ్ళూ లేకుండా, నల్లరేగడిలో మిగిలిన పదునుతో, మంచుతో పండే కుసుమ, అవిసె, శనగ లాంటి పంటలకు ఆ పేరు. ఏమీ పెట్టకపోయినా తమ సత్యం మీద తాము పండుతాయని అర్థం. మనం ఇంతవరకు చలికాలపు మంచును కవుల కళ్ళతో చూశాం. ఈ ఒక్క మాటలో మంచు వ్యవసాయ వనరైంది. నీటి లెక్కలు కట్టే ఏ దస్త్రంలోనూ లేని నీరు అది. ఆ నీటిని లెక్కలోకి తీసుకుని ఏ చెలకలో ఏం వెయ్యాలో నిర్ణయించినవాళ్ళు ఆడవాళ్ళు.

ఏటా సంక్రాంతికి మొదలై దాదాపు నెలరోజులు ఊరూరూ తిరిగే పాత పంటల జాతర కూడా ఈ కాలానిదే. అలంకరించిన ఎడ్లబండ్ల మీద రకరకాల విత్తనాలు పెట్టుకుని సంఘం స్త్రీలు ఊరేగుతారు. ఈ కాలాన్ని ఎంచుకోవడంలో తర్కం ఉంది. విత్తనం ఎంపిక జరిగేది ఇప్పుడే. కోతకు ముందు చేనంతా తిరిగి మంచి కంకిని, నిండు కాయను గుర్తుపట్టి వేరుగా కోసి, ఎండబెట్టి, బూడిదా వేపాకూ కలిపి, పేడా మట్టీ మెత్తిన బుట్టల్లో దాచాలి. వచ్చే వానాకాలంలో మగవాళ్ళు అరుగు మీద కార్తెల గురించి మాట్లాడుకునే నాటికి, ఏం విత్తగలరన్నది మాఘంలోనే ఒక ఆడమనిషి చేతిలో సగం తేలిపోయి ఉంటుంది. 2008లో మాచునూరులో ఈ స్త్రీలు నడిపే సంఘం రేడియో మొదలైంది. అచ్చు మెట్టు ఎక్కకుండానే మౌఖికం నుంచి ప్రసారానికి వెళ్ళిన జ్ఞానం వాళ్ళది. ఇంత తెలిసినవాళ్ళకు భూమి పట్టా దక్కడం మాత్రం కష్టంగానే ఉంది. కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచి, దేశమంతటా 2005 నుంచి వచ్చినా, చట్టం ఇచ్చిన హక్కు ఎంతమంది కూతుళ్ళ పేరున పాసుపుస్తకంగా మారిందో మన ఇళ్ళల్లోనే లెక్కపెట్టి చూసుకోవచ్చు. అసలు భూమే లేని ఇంట్లో పుట్టిన కూతురికి ఆ హక్కు కూడా వర్తించదు.

అడవి దగ్గర ఈ కాలానికి గుర్తులు వేరు. మోదుగ ఎర్రగా పూస్తుంది, ఆ పూలు మరగబెట్టి కాముని పున్నానికి రంగు తీస్తారు. ఆ వెనకే ఇప్ప పువ్వు రాలడం మొదలవుతుంది, తెల్లవారకముందే ఏరడానికి బుట్టలతో వెళ్ళేది ఎక్కువగా స్త్రీలే. ఆదిలాబాదు కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు జరిగే నాగోబా జాతరలో మెస్రం వంశపు కొత్త కోడళ్ళను దేవుడికి పరిచయం చేసే ‘భేటింగ్’ ఉంటుంది. అది జరిగాకే ఆ ఇంటి ఆరాధనలో ఆమెకు చోటు. రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమి వేళ మేడారంలో సమ్మక్క సారలమ్మలు గద్దెలకు వస్తారు. కాకతీయ సైన్యంతో పోరాడిన తల్లీకూతుళ్ళుగా జనం తలుచుకునే ఈ ఇద్దరికీ విగ్రహాలు లేవు. చిలకలగుట్ట నుంచి దిగివచ్చే కుంకుమ భరిణె, వెదురు కర్రలే రూపాలు. ఇంట్లోకి పంట చేరి, ఎండ ఇంకా ముదరని సమయంలో, రాజును ఎదిరించిన స్త్రీలను తలుచుకోవడానికి లక్షల మంది బయలుదేరతారు. మన కావ్యాల వసంతానికి మన్మథుడు అధిపతి. ఈ జనం శిశిరానికి అధిపతులు ఇద్దరు ఆడవాళ్ళు.

ఇక సుగ్గి. కన్నడంలో సుగ్గి అంటే కోతల కాలం. వసంతం అనే అర్థం కూడా ఉంది. కర్ణాటకలో సంక్రాంతిని సుగ్గి హబ్బ అంటారు, సుగ్గి కుణిత అనే నృత్యం ఉంది. చలి పోయి, పంట చేతికొచ్చి, గాదె నిండిన సంతోషమంతా ఆ మాటలో ఉంది. రాయచూరు, బళ్ళారి సరిహద్దు దాటి మా కర్నూలు పడమటి మండలాల్లోకి, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, ఆదోని వైపు వచ్చేసరికి ఆ మాట అర్థం మారింది. మా దగ్గర “సుగ్గికి పోయినారు” అంటే ఇల్లు తాళం వేసి గుంటూరు వైపు మిరపకాయల కోతకు, పత్తి తీతకు వలస పోయారని. పండగ పేరు వలస పేరైంది. ఎప్పుడు మారిందో తేదీ పెట్టి చెప్పలేం కానీ ఎందుకు మారిందో ఊహించడం కష్టం కాదు. వానాధారపు ఎర్రనేలల్లో, చౌడు పట్టిన చెలకల్లో తమ పంట సంక్రాంతి నాటికే అయిపోతుంది. సొంతూళ్ళో కోత లేదు. కోత ఉన్న చోటుకు పోవాలి. సుగ్గి ఉంది, అయితే అది ఇంకొకరిది.

మిరప జనవరి నుంచి ఎర్రబడుతుంది. ఒకసారి కోస్తే అయిపోయే పంట కాదు. పండినవి పండినట్టు రెండు మూడు విడతల్లో, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ సార్లు కోస్తారు. వంగి మొక్కమొక్కా తడిమి, పచ్చిది వదిలి పండింది తియ్యాలి. కోసింది కళ్ళంలో ఆరబోసి, తిరగేసి, మంచుకూ వానకూ పరదాలు కప్పాలి. ఎండాక రంగు పోయిన తాలు కాయను వేరు చెయ్యాలి. గుంటూరు యార్డులో బస్తా ధర ఆ ఏరుడు మీద కూడా ఆధారపడి ఉంటుంది. ఈ పనుల్లో చాలాభాగం ఆడవాళ్ళదే. కూలి కొన్నిచోట్ల రోజుకు, కొన్నిచోట్ల కిలోకు. కిలో లెక్కన అయితే పిల్లల చేతులు కూడా చేరతాయి. ఆ ఘాటుకు వేళ్ళు మండుతాయి. రాత్రి నూనె రాసుకున్నా ఆ చేత్తో చంటిపిల్లను ముట్టుకోవాలంటే, కళ్ళు తుడుచుకోవాలంటే భయం. చేను పక్కనే పరదాల గుడిసె, నీళ్ళకు బోరు దగ్గర బతిమాలుకోవడం, చీకటి పడ్డాక మాత్రమే బయటికి వెళ్ళగలగడం. నెలసరి రోజుల గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఉగాదికి చాలామంది తిరిగొస్తారు. కవులు వసంతానికి స్వాగతం చెప్పే రోజున వీళ్ళ సుగ్గి ముగుస్తుంది.

ఈ వలసలో ఆడపిల్లల చదువు ముందు తెగుతుంది. తల్లి కోతకు పోతే చంటివాణ్ణి చూసుకోవడానికి పదేళ్ళ అక్క కావాలి. వలస పోయిన కుటుంబాల పిల్లల కోసం ప్రభుత్వం సర్వశిక్షా అభియాన్ కింద సీజనల్ హాస్టళ్ళు తెరిచింది. ఆ పేరు గమనించండి. రుతువు బడికి విశేషణమైంది. పరీక్షలు ఫాల్గుణంలో, పిల్ల మిరప చేలో. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చినా ఆడకూలీ, మగకూలీ అనే రెండు ధరలు మా ఊళ్ళల్లో ఇప్పటికీ మామూలు మాటలే.

ఈ సుగ్గి కూడా ఇప్పుడు నమ్మకంగా లేదు. 2021-22లో నల్ల తామర పురుగు రెండు తెలుగు రాష్ట్రాల్లో మిరప పూతను నాశనం చేసింది. పూత లేకపోతే కాయ లేదు, కాయ లేకపోతే కోత లేదు. పంట నష్టం అంచనాల్లో ఎకరాలు ఉంటాయి, రైతు పేరు ఉంటుంది. వందల మైళ్ళ అవతల సంచి సర్దుకుని ఎదురుచూసిన కూలి స్త్రీ కోల్పోయిన పనిదినాలకు ఆ కాగితంలో గడి లేదు. 2023 ఫిబ్రవరి పగటి ఉష్ణోగ్రతల్లో 1901 తర్వాత దేశంలో అత్యంత వేడి ఫిబ్రవరిగా నమోదైంది. శివరాత్రికి పోవాల్సిన చలి ముందే పోతే మామిడి పిందె ఏమవుతుందని పత్రికలు రాశాయి. మంచు ముందే ఆగిపోతే శనగ పీకే ఆమె ఎన్ని గంటలకు లేవాలి, సత్యం పంట దేని మీద పండాలి అన్నవి కూడా వాతావరణ మార్పు ప్రశ్నలే. వాటిని అడగగలిగినవాళ్ళు ఆ గుర్తులు తెలిసినవాళ్ళే.

1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీలు తమ మాటల్లో చెప్పుకున్నది చరిత్రగా నిలబడింది. పోరాటం గొప్ప సంఘటన కాబట్టి అడిగాం, విన్నాం. ఏటేటా జరిగే పనికి ఆ సంఘటన గౌరవం ఉండదు. కోత ఎవరూ అడగని చరిత్ర. సాహిత్య విద్యార్థులుగా మనం చెయ్యగల పని కొంత ఉంది. గాథాసప్తశతిని, తిరుమొళిని, ప్రబంధాల రుతువర్ణనల్ని పాఠం చెప్పేటప్పుడు అందులో పనిచేస్తున్న చెయ్యి ఎవరిదని అడగొచ్చు. ‘స్త్రీల పాటలు’, ‘శ్రామిక గేయాలు’ అన్న రెండు అధ్యాయాల మధ్య గోడ తీసి మళ్ళీ చదవొచ్చు. మంచుకు, పూతకు, రాలిన వేపాకుకు, ఎండిన కందికాయ గలగలకు స్త్రీలు పెట్టుకున్న గుర్తుల్ని ఊరివారీగా, కులంవారీగా రాసి పెట్టుకోవచ్చు. ఆ గుర్తులు తెలిసిన తరం ఇంకా ఉంది, ఎక్కువ కాలం ఉండదు.

నిఘంటువుల పని కూడా మిగిలే ఉంది. సుగ్గి అన్న మాటకు కోతకాలం, పంటల పండగ అని రాసుకుంటే సరిపోదు. ఆదోని స్టేషన్‌లో మూటలతో, పొయ్యి గిన్నెలతో, చంకలో బిడ్డతో రాత్రి బండి కోసం కూర్చున్న స్త్రీలు ఆ మాటకు ఇచ్చిన అర్థం కూడా పక్కన చేరాలి. మొదటి అర్థం వాళ్ళకు దక్కే రోజు వచ్చేదాకా రెండోదాన్ని చెరిపే హక్కు మనకు లేదు.